మూడు చుక్కల ముద్ర

ఆ షెడ్డుకు మంచి పేరు లేదు.

బయట తాళం వేసే ఉంటుంది. షట్టరు నేలదాకా దించే ఉంటుంది. లోపల తొమ్మిది పాత కార్లు తప్ప మనిషన్నవాడు ఉండడు. అయినా చీకటి పడ్డాక ఆ సందులోంచి వెళ్లేవాళ్లకి లోపల్నించి చప్పుడు వినబడుతుంది.

టంగ్... టంగ్... టంగ్.

ఇనుము మీద ఇనుము. మూడే దెబ్బలు. ఆ తర్వాత నిశ్శబ్దం — కొట్టినవాడు జవాబు కోసం చెవి ఒగ్గి నిలబడ్డట్టు.

ఎదురుగా పంచర్లు వేసే అతను ఒకరాత్రి ధైర్యం చేసి షట్టరుకు చెవి ఆనించాడట. మర్నాడే కొట్టు తీసుకెళ్లి సందు అవతలి చివర పెట్టుకున్నాడు. ఎందుకయ్యా అంటే, అక్కడ నీడ బావుంటుందన్నాడు. అక్కడ నీడా లేదు, పాడూ లేదు... ఎండ మాడిపోతుంది.

లోపల కార్ల కింద నిలబడి పనిచేయడానికి తవ్విన గొయ్యి ఒకటుందనీ, అందులో ఎవరో పోయారనీ చెప్పుకునేవాళ్లు. ఎవరు పోయారో ఎవరికీ సరిగ్గా తెలీదు. ఒక్క మాట మాత్రం అందరూ ఒకేలా చెప్పేవాళ్లు — ఆ మూడు దెబ్బలు వినబడితే పలకొద్దు. పలికితే కిందికి లాగేసుకుంటాడు.

ఆ గోతిలోకి నంబర్లక్క దిగింది.

నంబర్లక్క అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా ఉండేది కాదు. ఇరవై ఎనిమిదేళ్లు పోలీసువాళ్ల ల్యాబులో పనిచేసింది. దొంగలు బండి ఎత్తుకుపోయి, ఛాసిస్ మీద గుద్దిన నంబరు అరగదీసేస్తారు. అద్దంలా నున్నగా చేసేస్తారు. ఆ నున్నటి చోటు నంబర్లక్క దగ్గరికి వచ్చేది. ఆమె దాన్ని ఇంకా మెరుగుపెట్టి, దూదితో యాసిడ్ అద్ది, ఊపిరి బిగబట్టి చూసేది. పొగమంచులోంచి మనిషి నడిచొచ్చినట్టు, పోయిన నంబరు మెల్లగా పైకి తేలేది.

"మంత్రమేం కాదు," అనేది. "సుత్తి దెబ్బ పైపైన తగిలి ఊరుకోదు, లోపలికి దిగుతుంది. పైన ఎంత అరగదీసినా అడుగున ఇనుము నలిగే ఉంటుంది. నలిగినచోట యాసిడ్ వేరేగా కొరుకుతుంది. అంతే."

రిటైరై రెండేళ్లయింది. ఇంట్లో ఆయన కూడా రిటైరయ్యాడు. ఆమె గడప దాటితే చాలు, గంటకోసారి ఫోన్ చేస్తాడు — కత్తెర ఎక్కడుంది, మోటారు ఆపావా, టీవీ రిమోటు నువ్వేమన్నా పట్టుకెళ్లావా. అందుకే ఎవరైనా పని ఉందని పిలిస్తే ఆమెకి పండగలా ఉండేది.

ఈసారి పిలిచింది ఆ షెడ్డు ఓనరు కూతురు.

ఓనరు పోయి ఏడాదైంది. ఆయన ప్రాణంలా చూసుకున్న తొమ్మిది కార్లూ ఒక మ్యూజియం వాళ్లు అడిగారు. వాళ్ల మనిషి వచ్చి ఒక్కో కారు కిందా అద్దం పెట్టి చూశాడు. ముందు చక్రం వెనక, ఛాసిస్ దూలం మీద, ఏవో ముద్రలు గుద్ది ఉన్నాయి. వేలిగోరంత గుండ్రం, లోపల మూడు చుక్కలు. ఒక్కటి కాదు, వరసలు వరసలు. ఏ కంపెనీ పుస్తకంలోనూ అలాంటి గుర్తు లేదు. ఒకాయన మిలటరీ గుర్తన్నాడు. ఇంకొకాయన ఓడరేవు గుర్తన్నాడు. మ్యూజియం మనిషి మాత్రం మొహమాటం లేకుండా, ఇది దొంగల ముఠా గుర్తు అనేశాడు.

"మా నాన్న దొంగ కార్లు కొన్నాడంటున్నారక్కా," అంది కూతురు. "అమ్మ మంచంలో ఉంది. ఇంక ఎన్నాళ్లో ఉండదు. ఈ మాట ఆమె చెవిన పడకముందే ఆ గుర్తేంటో తేల్చండి. రేపు పొద్దున్న వాళ్లు ఆఖరి మాట చెప్పడానికి వస్తున్నారు."

"సరే పద," అంది నంబర్లక్క. "వినే ఉంటావుగా, మీ షెడ్డు గురించి జనం ఏమనుకుంటారో?"

"విన్నాను. మీకు భయం లేదా?"

"నేను చూసిన దొంగలందరూ బతికున్నవాళ్లే. భయం వాళ్లంటేనే."

సాయంత్రం అయిదింటికి ఇద్దరూ షట్టరు ఎత్తారు.

పొడుగాటి షెడ్డు. ఇటు నాలుగు, అటు నాలుగు కార్లు. అన్నిటికీ దుప్పట్లు కప్పి ఉన్నాయి. గోడకు మేకులు కొట్టి పానాలు సైజు వారీగా వేలాడదీశారు. ఒక మూల బల్ల మీద ఇనుప ముక్కలు బిగించే వైసు. చివరగా, మధ్యలో, గోతి మీద ఒక నల్ల కారు. దాని మీద దుప్పటి కూడా లేదు. నాలుగు టైర్లూ గాలిపోయి, నేలను కరుచుకుని కూర్చుంది.

ఎనిమిది కార్ల కింద నంబర్లక్క చెక్క మీద వెల్లకిలా పడుకుని దూరింది. భూతద్దంలో చూసింది. ముద్రలన్నిటికీ గుండ్రం ఎడమపక్క సన్నటి నొక్కు ఉంది. అంటే అన్నీ ఒకే ఉక్కు అచ్చుతో గుద్దినవి. లోతు కూడా ఒకేలా ఉంది. అంటే గుద్దింది ఒకే చెయ్యి. ఒక కారుకు ఇరవై మూడు, ఒకదానికి నలభై ఒకటి, ఒకదానికి తొమ్మిదే.

"దొంగ అయితే ఒక్కసారి గుద్ది ఊరుకుంటాడు," అంది బయటికి వచ్చి, మోచేతులు దులుపుకుంటూ. "ఇతనెవరో రోజూ గుద్దాడు. ఇది దొంగతనం కాదమ్మాయ్, పని."

ఇక మిగిలింది నల్ల కారు. అది మరీ కిందికి కూర్చుండిపోవడంతో గోతిలోకి దిగడానికి సందు లేదు. మూలనున్న పాత చక్రాల జాకీ ఇద్దరూ లాక్కొచ్చి, ముందుభాగం కింద పెట్టి పంపు కొట్టారు. బంపరు మూరెడు లేచింది. దాని కింద గోతి మెట్లు కనబడ్డాయి.

నంబర్లక్క వంగి లైటు వేసి చూసింది. ఇక్కడా వరస ఉంది. పదకొండు ముద్రలు. పన్నెండోది ఉండాల్సిన చోట... నున్నగా ఉంది. ఆకురాయితో ఎవరో అరగదీశారు.

ఆమె మొహం వెలిగిపోయింది.

"ఇదిగో, ఇదీ నా పని!"

అప్పుడే కూతురికి ఫోనొచ్చింది. ఆసుపత్రి నుంచి. అమ్మకి ఆయాసంగా ఉందట.

"నువ్వు వెళ్లు. నాకు గంట పడుతుంది."

"షట్టరు దించి వెళతానక్కా, కుక్కలు దూరతాయి. గంటలో వస్తాను."

దించింది. అలవాటు కొద్దీ తాళం కూడా వేసేసింది. క్లిక్‌మన్న చప్పుడు విని నంబర్లక్క నవ్వుకుంది. కారు సైలెన్సరు చప్పుడు సందులోంచి దూరమైపోయాక మాత్రం... షెడ్డు ఒక్కసారిగా పెద్దదైనట్టనిపించింది.

ఫోను బల్ల మీద పెట్టి, నుదుటికి లైటు కట్టుకుని, యాసిడ్ సీసా చంకలో పెట్టుకుని గోతిలోకి దిగింది.

ఆరు మెట్లు. మనిషి నిలబడేంత లోతు, మోచేతులు చాస్తే రెండు గోడలూ తగిలేంత వెడల్పు. ఆ చివర గోడ. పాత ఆయిలు కంపు. తల మీద కారు — కడుపంతా ఇనుము.

ఎమరీ కాగితంతో ఆ నున్నటి చోటు రుద్దింది. దూది ముంచి అద్దింది. తుడిచింది. మళ్లీ అద్దింది. ఈ పనిలో పడితే ఆమెకి లోకం తెలీదు. బయట వాన మొదలైంది, తెలీలేదు. బల్ల మీద ఫోను మోగింది, పట్టించుకోలేదు. ఆయనే అయ్యుంటాడు, కత్తెర దొరికి ఉండదు.

మొదట సగం గుండ్రం తేలింది. తర్వాత పూర్తి గుండ్రం, ఎడమపక్క అదే నొక్కు. తర్వాత ఒక చుక్క... రెండు... మూడు.

అదే ముద్ర. మిగతావి వందలకొద్దీ హాయిగా ఉండనిచ్చి, ఈ ఒక్కదాన్నే ఎవరు అరగదీశారు? ఎందుకు?

కాగితం మీద రాసుకుందామని మెట్లవైపు తిరిగింది.

మెట్ల మీద వెలుతురు లేదు.

జాకీ పాతది. లోపల ఆయిలు కారిపోతోంది. ఆమె చుక్కలు చూస్తున్నంతసేపూ, చప్పుడు లేకుండా, వెంట్రుకవాసి చొప్పున కారు కిందికి దిగుతూనే ఉంది. మూరెడు ఎత్తున్న బంపరు ఇప్పుడు నేలకి బెత్తెడు ఎత్తులో ఉంది.

చెయ్యి పడుతుంది. తల పట్టదు.

పక్కల చూసింది. గాలిపోయిన టైర్ల మీద కారు నేలకు ఆనుకునే ఉంది. వీపు పెట్టి తోసింది. రెండు టన్నుల ఇనుము, అరవై దాటిన వీపు. కదల్లేదు. రెండోసారి తోసినప్పుడు చంకలో సీసా సంగతి మరిచిపోయింది.

ఫట్‌మని పగిలింది.

తడి నేల మీద, పాత ఇనుప రజను మీద యాసిడ్ పడి సుయ్‌మంది. ఘాటు లేచింది. కళ్లు మండాయి. గొంతు పట్టేసింది. ఆమె గబగబా పై మెట్టు మీదికి పాకి, ఆ బెత్తెడు సందుకి మొహం ఆనించి గాలి పీల్చింది.

అప్పుడు కరెంటు పోయింది.

నుదుటి లైటు ఒక్కటే మిగిలింది. అదీ ఎంతోసేపు ఉండలేదు. పచ్చబడి, ఎర్రబడి, ఆరిపోయింది.

చీకటి. వాన. కింద్నుంచి మెల్లగా ఎక్కివస్తున్న ఘాటు.

బల్ల మీద ఫోను మళ్లీ మోగింది. దాని వెలుగు పైకప్పు రేకుల మీద పడి ఆడింది. పదిహేనడుగుల దూరం. మోగింది, మోగింది, ఆగింది. జీవితంలో మొదటిసారి ఆయన ఫోను ఎత్తాలని ఆమెకి ప్రాణం కొట్టుకుపోయింది. ఆయన మళ్లీ చేశాడు. మళ్లీ చేశాడు. ప్రతిసారీ రేకుల మీద వెలుగు ఆడి, ఆరిపోయేది.

అరిచింది. వాన చప్పుడులో ఆ అరుపు షట్టరు దాకా కూడా వెళ్లలేదు.

ఎంతసేపైందో తెలీదు. గంటలో వస్తానన్న అమ్మాయి రాలేదు. దగ్గు వస్తే ఆగడం లేదు. గొంతులోంచి మాట సగమే వస్తోంది.

అప్పుడు... వెనకవైపు, గోడలో ఎక్కడో, కిర్రుమని తలుపు తెరుచుకుంది.

ఆ షెడ్డుకు వెనక తలుపున్నట్టు ఆమెకి తెలీదు.

అడుగులు. ఒక కాలు ఈడుస్తూ, మెల్లగా. చీకట్లో ఒక్క వస్తువుకీ తగలకుండా, దీపం లేకుండా, తిన్నగా ఆమెవైపే వస్తున్నాయి.

"ఎవరండీ?" అంది, ప్రాణం లేచొచ్చి. "నేనిక్కడ... కారు కింద ఉన్నాను! కాస్త జాకీ ఎత్తండి!"

జవాబు లేదు.

"అయ్యా! బాబూ! ఇక్కడ... గోతిలో!"

అడుగులు ఆగలేదు, తొందరపడలేదు. ఆమె మొహానికి జానెడు దూరంలోంచి నడిచి వెళ్లాయి. తడి కాళ్లు నేల మీద పడే చప్పుడు వినబడింది. సందులోంచి చెయ్యి చాపి అందుకోబోయింది. గాలి తప్ప ఏమీ అందలేదు.

అడుగులు ముందు చక్రం దగ్గర ఆగాయి.

ఆమె ఇంకోసారి పిలవబోయి — ఆగిపోయింది. మూడడుగుల దూరంలో మనిషి గొంతు చించుకుంటుంటే, బతికున్నవాడు ఎవడైనా సరే పలుకుతాడు. ఛీ అనో, ఎవరనో అంటాడు. కనీసం ఉలిక్కిపడతాడు.

ఇది పలకలేదు.

టంగ్...

సరిగ్గా నెత్తి మీద. తుప్పు రాలి కళ్లలో పడింది.

టంగ్...

టంగ్.

ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. దగ్గు తన్నుకొస్తోంది. మింగింది. ఊపిరి బిగబట్టింది. సందులో జనం అన్నమాటలు, మధ్యాహ్నం తను తీసిపారేసిన మాటలు, చెవుల్లో హోరెత్తాయి... పలకొద్దు... పలికితే లాగేసుకుంటాడు. గోడకి వీపు అతికించుకుని, కదలకుండా, చిన్నపిల్లలా కళ్లు మూసుకుంది.

నిశ్శబ్దం.

చాలాసేపు నిశ్శబ్దం.

ఉన్నట్టుండి అడుగులు కదిలాయి. ఈసారి మెల్లగా కాదు. ఈడ్చేకాలు ఈడుస్తూనే, పడుతూ లేస్తూ పరుగెత్తినట్టు వెనక్కి వెళ్లిపోయాయి. తలుపు కిర్రుమంది.

పోయింది.

పోయాక గాని ఆమెకి అర్థం కాలేదు, అదేదైనా సరే, ఈ రాత్రికి తనకున్న ఒకే ఒక్క దిక్కు అదని. ఘాటు ఛాతీ దాకా వచ్చింది. సందుకి నోరు ఆనించినా గాలి చాలడం లేదు. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. బల్ల మీద ఫోను వెలుగు మళ్లీ ఒకసారి రేకుల మీద ఆడింది. పాపం, ఈ పిచ్చిమనిషికి అన్నం గిన్నె ఎక్కడుందో కూడా తెలీదే, అనుకుంది. దయ్యమే రానీ. భూతమే రానీ. ఈసారి కొడితే పలుకుతాను.

కిర్రుమంది తలుపు.

ఈసారి వెలుతురు కూడా వచ్చింది. నేల మీద పచ్చటి లాంతరు వెలుగు ఊగుతూ వచ్చింది. దానితోపాటు ఇనుప చక్రాలు గరగరమని దొర్లుతున్నాయి. సందులోంచి రెండు ముసలి పాదాలు కనబడ్డాయి, తడిసి ముడతలు పడ్డవి. పిలిచింది. గొంతు లేదు.

టంగ్... టంగ్... టంగ్.

చేతికందిన ఆరిపోయిన లైటు తీసి, నెత్తి మీద ఇనుము మీద మూడుసార్లు కొట్టింది. ఆ చేతికి బలం లేదు. టక్, టక్, టక్ మంది.

"వస్తున్నా!" అని పెద్ద కేక. "వస్తున్నా, ఆగు! ఆగు!"

మనిషి గొంతు. చెవిటివాళ్లు అరిచినట్టు, అవసరమైనదానికి నాలుగింతలు పెద్దగా.

జాకీ పంపు చప్పుడు. ఒక్కో దెబ్బకీ కారు వేలెడు లేచింది. సందు జానెడైంది. రెండు జానలైంది. లాంతరు వెలుగులోకి ఒక ముసలి చెయ్యి దిగింది. ఆ చెయ్యి పట్టుకుని నంబర్లక్క బయటపడి, సిమెంటు నేల మీద బోర్లా పడి, దగ్గి దగ్గి, తెరిపిన పడింది.

ముసలాయన లాంతరు ఎత్తి మొహం చూశాడు. ఎనభై ఏళ్లుంటాయి. ఎవరి కోసమో చూసినవాడు ఇంకెవరినో చూసినట్టు చూశాడు.

"ఆడమనిషివా!" అన్నాడు.

ఆమె ఏదో అనబోతే తన చెవులు చూపించి చేతులు తిప్పాడు. రెండూ పనిచేయవు. ఇక ఆమెకి తను ఇందాకటి నుంచి అరిచిన అరుపులన్నీ గుర్తొచ్చి, నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

సుద్దముక్క దొరికితే, నల్ల కారు తలుపు మీద గుండ్రం గీసి, లోపల మూడు చుక్కలు పెట్టి, పక్కన ప్రశ్న గుర్తు వేసింది.

ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత కారుకి చేరగిలబడి కూర్చున్నాడు.

"కింద ఎవరూ లేరు," అన్నాడు. "అదమ్మా దాని అర్థం. కింద ఎవరూ లేరు."

ఈ షెడ్డులో ఆయన ఫిట్టరు. గోతిలో దిగి పనిచేసేది ఆయన బావ, చెల్లెలి మొగుడు. ఏడాది కిందట పోయిన ఓనరుకి పనివాళ్లంటే ప్రాణం. ఒక పద్ధతి పెట్టాడు. కారు గోతి మీంచి తీసేముందు, కింద ఎవరన్నా ఉన్నారేమో మూడు దెబ్బలు కొట్టి అడగాలి. ఉన్నవాడు తిరిగి మూడు కొట్టాలి. జవాబు రాకపోతే, చూశాను, కింద ఎవరూ లేరు అని చక్రం సందులోంచి చెయ్యి పెట్టి ముద్ర గుద్ది, అప్పుడే కారు కదపాలి. ఎన్నిసార్లు కారు గోతి మీదికి వస్తే అన్ని ముద్రలు.

"అప్పటికే నా చెవులు సగం పోయాయి," అన్నాడు. "ఎవరికీ చెప్పలేదు. చెబితే పని మానిపిస్తారని. ఆ రోజు కొట్టాను. మూడు దెబ్బలు. నాకేం వినబడలేదు. ముద్ర గుద్దాను. జాకీ దించి, ఇంజను ఎలా ఉందో చూద్దామని వేశాను. పొగంతా కిందికే పోయింది. అరగంట... ఆ అరగంటా వాడు కొడుతూనే ఉండుంటాడమ్మా. నేను పక్కనే నిలబడి ఇంజను చూస్తున్నాను."

అరచేత్తో కారు తలుపు నిమిరాడు.

"ఆ రాత్రే ఆ ముద్ర అరగదీశాను. అది అబద్ధం కదా. ఓనరు ఈ కారు ఇక్కణ్నించి కదపనివ్వలేదు. షెడ్డు మూసేశాడు. మా చెల్లెలు వెనకింట్లో నాతోనే ఉంది, పోయేదాకా. పంతొమ్మిదేళ్లు. ఒక్క మాట మాట్లాడలేదు. అన్నం పెట్టేది, మాట్లాడేది కాదు."

అప్పట్నించీ రోజూ రాత్రి వెనక తలుపు తీసుకుని వస్తాడు. ఇప్పుడు చెవుల్ని నమ్మడు. ఒక చేత్తో కొట్టి, ఇంకో అరచెయ్యి దూలం మీద ఆనించి పెడతాడు. ఇనుములో ఏం కదిలినా అరచేతికి తెలుస్తుంది. మూడు కొడతాడు, చూస్తాడు, వెళ్లిపోతాడు. సందు జనాన్ని ముప్పై ఏళ్లు హడలగొట్టిన దయ్యం అదీ.

పదింటికి వాన తగ్గాక కూతురు పరుగున వచ్చింది. దారి మునిగిపోయి, వంతెన దగ్గర ఆగిపోయిందట. అమ్మ ఆయాసం తగ్గింది. విషయం విని ఆ నల్ల కారు బానెట్ మీద తల పెట్టి ఏడ్చింది. మర్నాడు మ్యూజియం మనిషికి నంబర్లక్క నాలుగు పేజీల కాగితం రాసిచ్చింది — ఏ అచ్చు, ఏ చెయ్యి, ఏ అర్థం, అన్నీ. ఆయన చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కార్లు వెళ్లాయి. ఆ తల్లికి తన భర్త గురించి ఆఖరిగా తెలిసిన మాట మంచిమాటే అయింది. ఇంటికి చేరేసరికి నంబర్లక్క ఫోనులో పంతొమ్మిది మిస్డ్ కాల్స్ ఉన్నాయి. ఆయన గుమ్మంలో గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఎటు వెళ్లాలో తెలియక.

అంతా రాసింది గాని, ఒక్క సంగతి మాత్రం ఆమె ఆ కాగితంలో రాయలేదు.

కూతురు రాకముందు, లాంతరు వెలుగులో, ముసలాయన ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని చెప్పిన మాట అది.

"ముప్పై ఏళ్లలో ఒక్కసారీ జవాబు రాలేదమ్మా. ఇవాళ కొట్టగానే వచ్చింది. మూడు దెబ్బలు. నా అరచెయ్యి అదిరిపోయింది. అది తగిలి ఉండకపోతే ఎప్పట్లాగే వెళ్లి పడుకునేవాణ్ని. అందుకే లాంతరు కోసం, ఇంట్లో ఉన్న మంచి జాకీ కోసం పరుగెత్తాను. తిరిగొచ్చి, ఇంకా ప్రాణంతో ఉన్నావా అని మళ్లీ కొట్టాను. రెండోసారి నువ్వు కొట్టింది మరీ నీరసంగా ఉంది, భయపడ్డాను. కానీ మొదటిసారి... అబ్బ, మొదటిసారి ఎంత గట్టిగా కొట్టావమ్మా! దేంతో కొట్టావు, సుత్తితోనా?"

నంబర్లక్క మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంది. తన చేతులవైపు చూసుకుంది.

మొదటిసారి ఆ రెండు చేతులూ నోటి మీదే ఉన్నాయి.